అదే ఫ్రేము

మా ఊరి పోస్టాఫీసు గోడకి ఒక మేకుంది.
నేను కొట్టిందే.
దాని చుట్టూ సున్నం పెళ్ళలు పెళ్ళలుగా రాలి
ఇప్పుడొక చిన్న గొయ్యి.

నన్ను హమ్మా దికో అంటారు.
సాహెల్ ఇసుక అంచున, కసాయి కొట్టు పక్క సందులో
పటాలు కట్టి బతుకుతాను.
పెళ్ళి ఫొటోలు, హజ్ చేసొచ్చిన ముసలాళ్ళు,
ఫుట్‌బాల్ కప్పెత్తిన కుర్రాళ్ళు.
అన్నిటికంటే పెద్ద బేరం మాత్రం
దేశాధ్యక్షుడు.

మొదటాయన పదకొండేళ్ళున్నాడు.
భుజం మీంచి పట్టీ, పెదవి మీద సగం నవ్వు.
నలభై రెండు కట్టాను:
బడికి, ఆస్పత్రికి, పశువుల డాక్టరు గదికి,
జెండర్మ్‌ల ఠాణాకి.
అద్దం తుడిచే దిక్కులేక
ఆయన మెల్లగా మా మట్టి రంగుకి తిరిగాడు.

తర్వాత మోటారు సైకిళ్ళొచ్చాయి.
ఒక్కోదాని మీద ఇద్దరు.
తలగుడ్డ సందున కళ్ళు మాత్రమే.
అందులో ఒక జత నేనెరిగినవే.
వాడి పదో తరగతి ఫొటోకి ఫ్రేము కట్టి
డబ్బు తర్వాతిద్దువులే అన్నాను.

బడి తగలబెట్టారు.
యెంపాబు మాస్టారు
జేబులో సుద్దముక్కతోనే పోయాడు.
సంతరోజు బావి దగ్గర
పద్నాలుగు జతల చెప్పులు మిగిలాయి.
పదమూడింటికి మనుషుల్ని పోల్చాం.

రాజధాని మాకు తొమ్మిది గంటల దారి.
మా చావు అక్కడికి చేరేసరికి
అంకె అయిపోతుంది.
ఆ అంకె పెరిగి పెరిగి, ఒక రాత్రి
సైనికుల బారకాసుల్లోంచి బయటికి నడిచొచ్చి
రేడియో స్టేషన్లో కూచుంది.
తెల్లారి ఎవరో కెప్టెన్ గొంతు.
"భద్రత" అన్నాడు. తొమ్మిదిసార్లు.
నేను సజ్జ గంజి తాగుతూ లెక్కపెట్టాను.
మధ్యాహ్నానికి కబురు:
కొత్త బొమ్మ, పాత ఫ్రేము, తొందరగా.

కొత్తాయనకి నవ్వు లేదు, టోపీ ఉంది.
టోపీ పట్టాలని గడ్డం దగ్గర
అరంగుళం కత్తిరించాను.
ఈసారి ఇరవై తొమ్మిది చాలన్నారు.
మిగతా గోడలు లేవు.

ఆయన పంపిన సైన్యం తలుపు తట్టదు.
దికో అన్న పేరు వింటే
అడవిలోవాళ్ళు సర్కారు వేగు అంటారు,
సర్కారు అడవిలోవాడంటుంది.
మా పెద్దాడు బుబా ఎద్దుల్ని తోలుకెళ్ళాడు.
ఎద్దులు తిరిగొచ్చాయి.
వాడి ఫొటోకి ఇంకా ఫ్రేము కట్టలేదు.
కడితే
ఒప్పుకున్నట్టు.

పొరుగు దేశం సరిహద్దు మూసింది,
ఉల్లిగడ్డలు లారీలోనే మొలకెత్తాయి.
ఆ పొరుగుకి పొరుగు కూడా
తన గోడ మీద మనిషిని మార్చుకుందట.
ఒక జెండా విమానాలు లేచిపోయాయి,
ఆ గుర్తులు చెరక్కముందే ఇంకో జెండావి దిగాయి.
పడవెక్కి మార్సే చేరిన మా మేనకోడలు పెండా
ఫోన్లో చెప్పింది:
అక్కడి ఎన్నికల్లో, బస్‌స్టాపుల నిండా,
మా మొహాల్లాంటి మొహాలేసి
కింద "వీళ్ళొస్తున్నారు" అని రాశారట.
వాళ్ళకి భయం, భయానికి ఓట్లు.
ఆ ఫ్రేము ఎవరు కట్టారో గానీ
మంచి పనివాడే.

ఎనిమిది నెలలకి
కెప్టెన్ని ఇంకో కెప్టెన్ దించాడు.
నేను మేకులు మానేసి
ఫ్రేము వెనక అట్టకి చిన్న గడియ పెట్టాను.
తిప్పితే తెరుచుకుంటుంది.
పాత బొమ్మలు తీయను, వాటి మీదే కొత్తది.
పటం ఎందుకింత లావైందని పోస్టుమాస్టరడిగాడు.
గాలికి అట్ట ఉబ్బిందన్నాను.

నిన్న రాత్రి ఎవరో తలుపు తట్టారు.
తలగుడ్డ, దాని సందున ఆ కళ్ళు.
బల్ల మీద నోటు పెట్టాడు.
పదో తరగతి ఫొటో బాకీ.
చిల్లర వద్దని చెయ్యూపాడు.
వాడి చేతికి సుద్ద కాదు, గ్రీజు.

బుబాని చూశావా అని అడగబోయాను.
నోట్లో మేకులున్నాయి.